నచికేతుడు మన ఇంటి కరెంటు మీటరు చూస్తే

ఓం శ్రీ లక్ష్మీ చెన్నకేశవాయ నమః



పోయిన శనివారం వీడియోలో కఠోపనిషత్తు మొదలుపెట్టుకున్నాం కదా. వాజశ్రవసుడి యాగం దాకా వచ్చి, ఆ ముసలి ఆవుల దగ్గర ఆగాం. అది చూసి మార్కాపురం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "స్వామీ, చెప్పడం బాగానే చెప్పారు గానీ, ఈ రోజుల్లో గోదానం చేసేదెవరు? గడ్డి కొనలేక ఉన్న గొడ్లనే అమ్ముకుంటున్నాం. ఆ ఆవుల కథ మా ఇళ్ళల్లో దేనికి పనికొచ్చిద్ది?" అని అడిగారు.

మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకని ఈ వారం ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. శివరాత్రి వెళ్ళిపోయింది, చలి కూడా శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఇంకో నెల తిరిగేసరికి మన గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ఫ్యాను ఆపే పని ఉండదు. పెళ్ళిళ్ళకు సారె సామాను కొనేదీ ఈ రోజుల్లోనే. కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పుకోవాలి.

ముందు కథ, వీడియో చూడనివాళ్ళ కోసం. వాజశ్రవసుడు విశ్వజిత్ యాగం చేశాడు. ఆ యాగంలో ఉన్నదంతా దానం చేసేయాలి. ఆయన కూడా చేశాడు. చేశాడు గానీ, దక్షిణగా తోలుకొచ్చిన ఆవులు ఎలాంటివి? చివరి నీళ్ళు తాగేసినవి, చివరి గడ్డి మేసేసినవి, పాలు పిండడం అయిపోయినవి, ఇక ఈనే శక్తి లేనివి. లెక్కకు ఆవులే. పుచ్చుకున్నవాడికి మాత్రం బరువు. అదంతా పక్కన నిలబడి చూస్తున్నాడు చిన్న పిల్లవాడు నచికేతుడు. అప్పుడు ఆ పిల్లవాడిలో శ్రద్ధ ప్రవేశించిందంటుంది ఉపనిషత్తు. "ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడే, మా నాన్న ఏం చేస్తున్నాడు?" అనుకున్నాడు. తండ్రిని నేరుగా తప్పు పట్టలేదు. "నాన్నా, మరి నన్నెవరికిస్తావు?" అని అడిగాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తండ్రికి కోపం వచ్చి "నిన్ను యముడికిస్తాను పో" అన్నాడు.

యముడి సంగతి తరవాత చూద్దాం. ఇవాళ నాకు కావలసింది ఆ ఆవులే.

శ్రద్ధ అన్న మాటకు పెద్దలు ఆస్తిక్య బుద్ధి అని అర్థం చెప్పారు. మన తెలుగులో దానికి ఇంకో చక్కని అర్థం ఉంది. "కాస్త శ్రద్ధగా చూడరా" అంటాం. అంటే మనసు పెట్టి చూడు అని. అక్కడ ఋత్విక్కులు ఉన్నారు, పెద్దలు ఉన్నారు, ఊరు ఊరంతా ఉంది. ఆవుల లెక్క అందరూ చూశారు, ఆవులను ఒక్క పిల్లవాడు చూశాడు.

ఇప్పుడు మన ఊళ్ళోకి రండి.

గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో పోయిన వేసవిలో భాగవతం చెప్పడానికి వెళ్ళాను. మధ్యాహ్నం ఒక తల్లి ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి ఆమెకు, ఒక్కతే ఉంటుంది. కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పని. నేను లోపల అడుగు పెట్టగానే ఆమె గబగబా వచ్చి ఫ్యాను వేసింది. అంతవరకు అది ఆగి ఉంది. బయట నిప్పులు చెరుగుతోంది. "అదేందమ్మా, ఇంత ఎండలో ఫ్యాను ఆపుకుని కూర్చున్నావు?" అన్నాను. "బిల్లు ఎక్కువ వచ్చిద్ది నాయనా. అది ఉంది కదా," అని మూలకు చూపించింది. మూలన ఒక ఫ్రిజ్. పెద్దది, రెండు తలుపులది, రంగు మాసిపోయి గుర్రుగుర్రుమంటోంది. కొడుకు వాళ్ళు అక్కడ కొత్తది కొనుక్కుని, పాతది ఊరికి వచ్చే లారీలో వేసి అమ్మకు పంపారు. దాంట్లో ఏముంది చూస్తే, నాలుగు నీళ్ళ సీసాలు, ఒక మజ్జిగ గిన్నె.

ఆ కొడుకు చెడ్డవాడు కాదు. అమ్మ చల్లటి నీళ్ళు తాగాలనే పంపాడు. వాజశ్రవసుడు కూడా చెడ్డవాడేం కాదు, అంత పెద్ద యాగం చేసినవాడు. కానీ ఇచ్చిన వస్తువు అవతలివాళ్ళ ఇంట్లో ఏం చేస్తుందో ఇద్దరూ చూడలేదు. ఇంకో మాట కూడా చెబుతాను, కాస్త కటువుగా ఉన్నా. వాజశ్రవసుడి ఆవులు మేత మేయడం కూడా మానేశాయి. ఈ ఫ్రిజ్ అలా కాదు, పాలు తగ్గాయి గానీ మేత రెట్టింపయింది.

ఆ మేత ఎంతో లెక్క వేద్దాం. దానం దగ్గర లెక్కలేంటి అనకండి. చూడడం అంటే అదే.

మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు మెట్లు మెట్లుగా ధర పెరుగుతుంది. 2022లో వచ్చిన పట్టిక ప్రకారం నెలకు మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. దీని మీద స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఆ తల్లికి ఫ్రిజ్ రాకముందు ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీతో నెలకు 60 యూనిట్లు కాలేదనుకుందాం. యూనిట్ల సొమ్ము రూ.147. ఆ పాత ఫ్రిజ్ రోజుకు రెండు యూనిట్లు తింటే నెలకు ఇంకో 60. మొత్తం 120. ఇప్పుడు సొమ్ము దాదాపు రూ.394. వాడకం రెట్టింపయితే డబ్బు రెండున్నర రెట్లు దాటింది చూశారా? పైన చేరిన ప్రతి యూనిటూ పై మెట్టు ధరకే చేరుతుంది, మెట్లలో ఉన్న కిటుకు అదే. తగ్గించినా అంతే, ముందు పై మెట్టు ధరే తగ్గుతుంది.

అదే ఒక చిన్న కొత్త ఫ్రిజ్, లేబుల్ మీద సంవత్సరానికి 150 యూనిట్లు అని ఉన్నదైతే, నెలకు పన్నెండు పదమూడు యూనిట్లు. మొత్తం 73. సొమ్ము రూ.186. నెలకు రెండు వందల తేడా, ఏడాదికి రెండున్నర వేలు. ఆమెకు నెలకు వచ్చేది నాలుగు వేల పింఛను.

డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. మే నెలలో మన వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వయసు మీద పడ్డవాళ్ళ ఒంటికి వేడిని తట్టుకునే శక్తి తక్కువ. దాహం కూడా తెలియదు. వడదెబ్బకు పోయేవాళ్ళలో ఇంట్లో పడుకుని పోయేవాళ్ళూ ఉంటారు. ఆ తల్లి ఫ్రిజ్ ఆపలేదు, కొడుకు పంపాడు కాబట్టి. ఫ్యాను ఆపింది, అది తనకోసమే కాబట్టి. మన తల్లులు అంతే. కొడుకు ప్రేమ మూలన గుర్రుమంటూ ఉంటే, తల్లి చెమటలు కారుస్తూ గడప దగ్గర కూర్చుంటోంది.

వైశాఖ మాసంలో ఏమేం దానం చేయమన్నారు పెద్దలు? నీళ్ళ కుండ, గొడుగు, చెప్పులు, మజ్జిగ, విసనకర్ర. ఎండ తట్టుకోవడానికి ఏం కావాలో అవే. ఆ రోజుల్లో తాటాకు విసనకర్ర పుచ్చుకున్నవాడికి నెల నెలా ఖర్చు లేదు. ఇప్పుడు విసనకర్ర స్థానంలో సీలింగ్ ఫ్యాను వచ్చింది. సంతోషం. అయితే అది కూడా పుచ్చుకున్నవాడికి బరువు కాని ఫ్యాను అయి ఉండాలి కదా?

ఇళ్ళల్లో ఉండే మామూలు పాత ఫ్యాను 75 వాట్లు అటూ ఇటూ లాగుతుంది. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు అని వస్తున్నాయి, మార్కాపురం షాపుల్లో కూడా దొరుకుతాయి. అవి ఫుల్ స్పీడులో 30 వాట్లు అటూ ఇటూ. గాలి అంతే. వేసవిలో రోజుకు ఇరవై గంటలు తిరిగితే పాత ఫ్యాను నెలకు 45 యూనిట్లు, కొత్తది 18. ధర వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ ఉంటుంది. మూడు ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరిగే ఇంట్లో, నెలకు 200 యూనిట్లు దాటే ఇంట్లో, ఆ ఎక్కువ పెట్టింది ఏడాది అటూ ఇటూగా తిరిగి వచ్చేస్తుంది. ఆ తల్లి లాంటివాళ్ళకు కింది మెట్ల ధర కాబట్టి ఇంకొంచెం ఆలస్యమవుతుంది. కానీ అక్కడ లెక్క వేరు. అక్కడ భయం లేకుండా ఫ్యాను వేసుకోవడమే లాభం.

అడిగేవాళ్ళు అడుగుతారు, "స్వామీ, ఆ కొత్త ఫ్యాను పాడైతే మా ఊళ్ళో బాగుచేసేవాడు లేడు, పాతదైతే కండెన్సర్ మారిస్తే తిరిగిద్ది" అని. నిజమే. దాంట్లో సర్క్యూట్ బోర్డు ఉంటుంది, వోల్టేజీ ఎగుడుదిగుడులు ఉన్న చోట అది పోవచ్చు. అందుకని మార్కాపురంలోనో ఒంగోలులోనో సర్వీసు ఉన్న కంపెనీదే తీసుకోండి, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోండి. రోజుకు గంట తిరిగే వంటింటి ఫ్యాను మార్చే పని లేదు. పెద్దవాళ్ళు పడుకునే గదిలోది ముందు మార్చండి.

ఇక పెళ్ళి సామాను. మన వైపు ఆడపిల్ల తండ్రి అప్పు చేసైనా ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కూలర్, ఇప్పుడిప్పుడే ఏసీ కూడా పెడుతున్నాడు. నలుగురిలో కనిపించాలి కాబట్టి పెద్దది కావాలి. బడ్జెట్ సరిపోదు కాబట్టి పెద్దదాంట్లో చవకది కావాలి. పెద్దది, చవకది రెండూ కలిసిన వస్తువు మేత ఎక్కువ తినేదే అయి ఉంటుంది, చాలాసార్లు. పెళ్ళిలో అది పందిట్లో పూలదండ వేసుకుని నిలబడుతుంది. ఆ తరవాత పదేళ్ళు ఆ పిల్ల బిల్లు కడుతుంది. అత్తగారింట్లో "మీ పుట్టింటి ఫ్రిజ్ వచ్చినకాడి నుంచీ బిల్లు పెరిగింది" అన్న మాట పడిన అమ్మాయిలు నాకు తెలుసు. సారె అంటే పిల్ల చల్లగా ఉండాలని ఇచ్చేది. ఆ పిల్ల చేత మాట పడనిచ్చేది సారె ఎలా అవుతుంది? కాబట్టి తండ్రులారా, వంద లీటర్లు తగ్గినా పర్వాలేదు, లేబుల్ చూసి కొనండి.

లేబుల్ అంటే చుక్కలు మాత్రమే కాదు. కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది, 2002లో దానికోసం ఇంధన సామర్థ్య బ్యూరో పెట్టింది. ఆ నక్షత్రాల లేబుల్ వాళ్ళదే. ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 నుంచి, సీలింగ్ ఫ్యాన్లకు 2023 నుంచి అది తప్పనిసరి. షాపువాడు "ఫైవ్ స్టార్ సార్" అని వేలు పెట్టి చూపిస్తాడు. మీరు వేలు ఇంకాస్త కిందికి జరపండి. ఫ్రిజ్ మీదా ఏసీ మీదా అయితే అక్కడ సంవత్సరానికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది, ఏ సంవత్సరపు లేబులో కూడా ఉంటుంది. ప్రమాణాలు కొన్నేళ్ళకోసారి పెంచుతారు కాబట్టి పాత సంవత్సరపు ఐదు నక్షత్రాలు ఇప్పటి ఐదుకు సమానం కావు. అలాగే పెద్ద ఫ్రిజ్ ఐదు నక్షత్రాలది, చిన్న ఫ్రిజ్ మూడు నక్షత్రాలదాని కంటే ఎక్కువ తినొచ్చు. కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా యూనిట్ల అంకె చూడండి. పశువుల సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూడకుండా కొంటామా? ఇదీ అంతే.

ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫ్రిజ్ సంగతి తెలుసుకోవాలంటే ఒక చిన్న ఉపాయం. రెండు రోజులు ఊరికి వెళ్ళేటప్పుడు మిగతావన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచండి. వెళ్ళేముందు మీటరు రీడింగ్ ఫోన్లో ఫొటో తీసుకోండి, వచ్చాక మళ్ళీ తీయండి. తేడాను రోజులతో భాగించండి. రోజుకు అర యూనిట్ లోపయితే దాని జోలికి పోకండి. రెండు యూనిట్లు దాటితే అది గోశాలకు పంపాల్సిన ఆవు. పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త. పనిమనిషికో పేద బంధువుకో "ఊరికే ఇచ్చేస్తున్నాం తీసుకో" అని మాత్రం ఇవ్వకండి. వాజశ్రవసుడు చేసింది అదే.

గుడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, మనం మనం కాబట్టి. మన గుళ్ళల్లో తల పైకెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద పేర్లు ఉంటాయి. దాత ఫలానా, వారి ధర్మపత్ని ఫలానా. ఫ్యాను తిరిగేటప్పుడు పేరు కనపడదు, అది వేరే సంగతి. ఎవరో షాపులో అన్నిటికంటే చవకైన ఫ్యాన్లు నాలుగు కొని బిగించి, పేరు రాయించి వెళతారు. ఆ బిల్లు మాత్రం ప్రతి నెలా హుండీ కట్టాలి. హుండీ ఎక్కడ నిండుతుందండీ మన పల్లె రామాలయాల్లో? ధూపదీప నైవేద్యం కింద వచ్చే కొద్ది సొమ్ముతో నెట్టుకొచ్చే అర్చకులున్నారు. బిల్లు కట్టలేక గర్భగుడి ముందు తప్ప మిగతా లైట్లన్నీ ఆపేసిన గుడి నేను చూశాను. నాలుగు ఫ్యాన్ల బదులు రెండు ఇవ్వండి, తక్కువ తినేవి ఇవ్వండి. ఆలయ కమిటీ పెద్దలు కూడా విరాళం వస్తువుగా వస్తే "ఇది ఎన్ని వాట్లు బాబూ?" అని మొహమాటం లేకుండా అడగాలి. తైత్తిరీయంలో గురువు శిష్యుడిని పంపేటప్పుడు శ్రద్ధతో ఇవ్వమని, శ్రద్ధ లేకుండా ఇవ్వద్దని చెప్పి పంపుతాడు. ఆ అడగడం శ్రద్ధే.

పూజగదిలో ఎర్ర జీరో బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటుంది చాలా ఇళ్ళల్లో. అఖండ దీపం బదులు అన్నమాట. పేరు జీరో గానీ పాత రకం జీరో బల్బు పదిహేను వాట్ల దాకా లాగుతుంది. ఇరవై నాలుగు గంటలు వెలిగితే నెలకు పది యూనిట్ల పైమాటే! అదే వెలుగుకు అర వాటు ఎల్‌ఈడీ చిన్న బల్బు ఉంది, నెలకు అర యూనిట్ కూడా కాదు. స్వామికి తేడా ఉండదు. 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలై ఎల్‌ఈడీలు చవకగా పంచాక ఇంట్లో గుండు బల్బులు పోయాయి, 60 వాట్ల వెలుగు 9 వాట్లకే వస్తోంది. కానీ పూజగదిలో బల్బు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, భక్తి అనుకుని. మార్చండి. సాయంత్రం నువ్వుల నూనెతో దీపం మీ చేత్తో పెట్టండి, దానికి మీటరు లేదు.

వినాయక చవితి పందిళ్ళ గురించి రాద్దామా వద్దా అనుకున్నాను. రాస్తాను. కొక్కెం వేసి లైను నుంచి లాగిన కరెంటుతో వెయ్యి వాట్ల ఫోకస్ లైట్లు పెట్టి గణపతిని కూర్చోబెడితే, విఘ్నాలు తీర్చేవాడి ముందు దొంగసొత్తు పెట్టినట్టే. పైగా వానలో ఆ వైరు ఎవరి మీద పడుతుందో తెలియదు. పిల్లలు తిరిగే చోటు. డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు నాలుగు అద్దెకు తెచ్చుకోండి. బిల్లు భయం లేకపోతే కొక్కెం అవసరమూ రాదు.

"మా బిల్లు మేం కడతాం, ఎక్కువైతే మాకు, తక్కువైతే మాకు, మధ్యలో ధర్మం ఏముంది?" అనే డబ్బున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు మన త్రిపురాంతకం నుంచే జవాబు చెబుతాను. శ్రీశైలానికి అది తూర్పు ద్వారం. ఆ శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రం 770 మెగావాట్లది. మల్లన్న పాదాల దగ్గర కృష్ణమ్మ టర్బైను తిప్పి కిందికి పోతుంది. ఆ జలాశయం నుంచే, కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా తవ్విన సొరంగాల్లో మనకు వెలిగొండ నీళ్ళు రావాలి. 1996లో శంకుస్థాపన జరిగింది. మన తాతలు ఎదురు చూశారు, మనమూ చూస్తున్నాం. జలాశయంలో మట్టం తగినంత ఉంటేనే సొరంగంలోకి నీరు ఎక్కుతుంది. అంటే మన బల్బుకూ, మన బిందెకూ మడుగు ఒకటే. నా ఫ్యాను మార్చుకుంటే వెలిగొండ నిండదు, అది నాకూ తెలుసు. కానీ నీటి కరువు తెలిసిన ప్రాంతంవాళ్ళం, కరెంటు ఊరికే పుడుతుందని మనమే అనుకుంటే ఎలా? మిగతా కరెంటులో ఎక్కువ భాగం ఇబ్రహీంపట్నంలో, ముద్దనూరు దగ్గర, కృష్ణపట్నంలో బొగ్గు కాల్చితే వచ్చేది. ఒక యూనిట్‌కు అర కిలోకు పైనే బొగ్గు. గీత మూడో అధ్యాయంలో యజ్ఞ చక్రం గురించి చెబుతూ, దేవతలిచ్చింది తిరిగి ఇవ్వకుండా తానే అనుభవించేవాడిని కృష్ణుడు దొంగతో పోలుస్తాడు. బిల్లు కట్టేస్తే ఆ బాకీ తీరిపోయినట్టు కాదు.

రైతులకు ఒక మాట. అర్ధవీడు, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. బతికించింది, కాదనను. కానీ బిల్లు రాని చోట శ్రద్ధ నిద్రపోతుంది. మోటారు కాలిపోయిన ప్రతిసారీ చవకగా రీవైండింగ్ చేయించి దించుతాం. నాసిరకంగా చుట్టిన మోటారు అంతే కరెంటు తాగి తక్కువ నీళ్ళు పోస్తుంది. ఇచ్చిన తొమ్మిది గంటల్లో మడి తడవకపోతే నష్టం డిస్కముకు కాదు, మీకు. స్టార్ గుర్తు ఉన్న పంపుసెట్టు, బోరు లోతుకు తగిన స్టేజీలది పెట్టుకుంటే అదే తొమ్మిది గంటల్లో ఇంకో నాలుగు చాళ్ళు తడుస్తాయి. అవసరానికి మించిన హార్స్‌పవర్ మోటారు పెట్టడం గొప్ప కాదు. పక్కవాడి బోరు ఎండబెట్టే పని అది.

దానం అంటే ఎలా ఉండాలో చూడాలంటే కంభం చెరువు కట్ట మీద నిలబడండి. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. విజయనగర రాజుల కాలంనాటిది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు. అంతే! నీరు పల్లానికి తనంతట తాను పోతుంది. మోటారు లేదు, బిల్లు లేదు. ఐదు వందల ఏళ్ళ నాటి ఆవు ఇంకా పాలిస్తూనే ఉంది, మనం పూడిక తీస్తే ఇంకా ఇస్తుంది. ఆ తల్లి పేరు ఏ ఫ్యాను రెక్క మీదా లేదు.

ఒక సందేహం మిగిలింది. "ఇదంతా పిసినారితనం కాదా? ఇంట్లో దీపం తగ్గిస్తే లక్ష్మి ఉంటుందా?" అని ఒక తల్లి అడిగారు. లోభి తక్కువ ధర చూస్తాడమ్మా, పొదుపరి తక్కువ ఖర్చు చూస్తుంది. ఆ రెండూ ఒకటి కావు. షాపులో ఐదు వందలు మిగిలాయని సంతోషపడి పదేళ్ళు బిల్లు కట్టేవాడే లోభి, తన లోభం తనకే తెలియని లోభి. దీపం తగ్గించమని నేను అనలేదు. చీకట్లో కూర్చోమని, ఎండలో ఫ్యాను ఆపుకోమని అసలే అనలేదు. ఫ్యాను ఆపుకున్న తల్లిని చూసే ఇదంతా రాస్తున్నాను.

చేతిలో డబ్బు లేనివాళ్ళు అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు. పాడైనప్పుడు, ఎలాగూ కొనాల్సి వచ్చినప్పుడు, అప్పుడు చూసి కొనండి. ఆ ఒక్కరోజు చూపే పదేళ్ళు నడుస్తుంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకునే అక్కచెల్లెళ్ళు ఫ్యాన్లు నలుగురూ కలిసి కొంటే షాపువాడు ధర తగ్గిస్తాడు, అడిగి చూడండి. ఇంటి మీద సోలారు పెట్టుకుందామనుకునేవాళ్ళకు 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేలు రాయితీ ఉంది. అయితే ముందు పాత ఆవులను సాగనంపి తరవాత సోలారు పెట్టండి. మూడు కిలోవాట్లు అనుకున్న ఇంటికి అప్పుడు రెండే సరిపోవచ్చు.

ఏసీ ఉన్నవాళ్ళు 24కు తగ్గకుండా పెట్టుకుని, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. దీని గురించి ఇంతకంటే రాయను. మన వీడియోలు చూసేవాళ్ళలో ఏసీ లేనివాళ్ళే ఎక్కువ.

ఆ గిద్దలూరు తల్లి కొడుకుతో ఫోన్లో మాట్లాడాను. మొదట కాస్త నొచ్చుకున్నాడు, "అమ్మకు ప్రేమగా పంపితే తప్పంటారేంది స్వామీ" అని. తప్పని నేను అనలేదు. మీటరు ఫొటో పంపించాను, అంతే. దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఒక ఫ్యాను తెచ్చి తనే బిగించాడట. చిన్న ఫ్రిజ్ సంగతి సంక్రాంతి తరవాత చూస్తానన్నాడు. పెద్దది ఇప్పుడు ప్లగ్ తీసి ఉంది. దాంట్లో ఆమె బియ్యం డబ్బాలు పెట్టుకుంటోంది, ఎలుకలు రావని.

వచ్చే శనివారం వీడియోలో నచికేతుడు యముడి గడప దగ్గర మూడు రాత్రులు ఉపవాసం ఉన్న ఘట్టం చూద్దాం. అతిథిని ఆకలితో ఉంచినందుకు మృత్యువే క్షమాపణ చెప్పుకున్న చోటు అది. ఈలోగా మీ ఇంటి మీటరు ఫొటో ఒకటి, ఊళ్ళో మీ అమ్మానాన్నల ఇంటి మీటరు ఫొటో ఒకటి తీసి ఉంచండి.

శుభం భూయాత్.